ఆగి చూద్దామన్నారు

పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని చేయించుకున్న స్కానింగ్‌లో ఎడమ అండాశయం మీద 3.6 సెంటీమీటర్ల నీటితిత్తి బయటపడింది. నెలసరి ఆగిపోయి ఏళ్లు దాటాక ఈ సిస్ట్ ఏమిటని కాళ్లూ చేతులూ ఆడలేదు. నా మనసు నేరుగా కేన్సర్ దగ్గరికే వెళ్లిపోయింది.

గైనకాలజిస్టు మళ్లీ లోపలి నుంచి స్కాన్ చేయించి, అండాశయ కేన్సర్ అనుమానముంటే చేసే సీఏ-125 రక్తపరీక్ష రాశారు. అది 12 వచ్చింది. 35 లోపుంటే మామూలేనట. ఆవిడ రిపోర్టు వెనకాల పెన్నుతో ఒక గుండ్రం గీశారు. "మీది ఇలా ఉందమ్మా. గోడ పల్చన, లోపల ఉత్త నీళ్లే. ఒక్క పక్కే ఉంది, 5 సెంటీమీటర్లలోపే." పక్కనే ఇంకో గుండ్రం గీసి, లోపల అడ్డుగీతలు, ఒక ముద్ద వేశారు. "ఇలా ఉంటే ఆగమని చెప్పేదాన్ని కాదు. మీలాంటిది కేన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ. నాలుగు నెలలాగి చూద్దాం."

ఆగడమే కష్టమైంది. "ఎందుకొచ్చిన గొడవే, మొత్తం తీయించేసుకో, పీడ విరగడవుతుంది" అని అక్క రోజూ ఫోన్. నాకూ అదే మేలనిపించి డాక్టరుని అడిగాను. రెండు సిజేరియన్లయిన పొట్ట, లోపల పేగులు అతుక్కుని ఉండొచ్చు, అవసరం లేని ఆపరేషన్ ఎందుకన్నారు. ఆ మాట నాకు సబబుగా తోచింది.

నన్ను నిలబెట్టింది మాత్రం ఆవిడ రాసిచ్చిన లక్షణాల చీటీ. తగ్గని పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం, పొత్తికడుపు నొప్పి వదలకపోతే గడువు దాకా ఆగకుండా రావాలి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే వెంటనే ఆసుపత్రికి. అంతకుముందు గ్యాస్ పట్టేసినా టెన్షనే. చీటీ వచ్చాక దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలిసింది. రాత్రిళ్లు ఫోన్‌లో వెతకడం మానేశాను. భయమేస్తే మావారిని లేపేదాన్ని. పాపం, విసుక్కోకుండా మంచినీళ్లిచ్చి పక్కన కూర్చునేవారు.

నాలుగు నెలలయ్యాక తీసిన స్కాన్‌లో 2.9కి తగ్గింది. ఏడాదికీ పెరగలేదు. ఇక దీనికోసం రానక్కర్లేదన్నారు డాక్టరు. అక్కకు చెబితే సంతోషించి, తనకూ కొన్నాళ్లుగా పొట్ట ఉబ్బరంగా ఉంటోందని మెల్లిగా బయటపెట్టింది. గ్యాసేలే అని తను తోసేయబోతే నేను ఒప్పుకోలేదు. సోమవారం నేనే వెంటబెట్టుకుని వెళ్తున్నాను.