రుషికొండ కెరటం మీద నాలుగు సెకన్లు

వైజాగ్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. స్టేషన్ బయట టీ తాగి రుషికొండ బీచ్‌కి 900కె బస్సెక్కాం నేనూ మా మేనల్లుడూ. వాడు పోయినేడాది ఫ్రెండ్స్‌తో శ్రీలంక వెళ్ళి వెలిగామలో ఐదు రోజులు సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి కెరటం మీద జారే ఆట, నేర్చుకుని వచ్చాడు, ఇక అప్పట్నుంచీ ఇంట్లో ఎప్పుడు చూసినా అదే మాట, "అత్తా, వైజాగ్‌లో కూడా నేర్పిస్తున్నారంట, అంత దూరం వెళ్ళి డబ్బులు పోసి వచ్చానే, మన ఊళ్ళోనే ఉందంట" అని. మన ఊరు అంటే దాదాపు మన ఊరే, మాది పక్కనే విజయనగరం, చిన్నప్పుడు ప్రతి వేసవికీ వైజాగ్ వచ్చేవాళ్ళం, ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటానంటే నాన్న ఒడ్డు మీంచి కేకేసేవారు. నాకిప్పుడు 42 ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఆ మోకాలి లోతు దాటింది లేదు. హైదరాబాద్‌లో స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్చుకున్నా గానీ సముద్రం అంటే ఒడ్డున కూర్చుని చూసేదే అనుకుంటూ వచ్చా.

ఫిబ్రవరి కదా, బస్సు కిటికీలోంచి చల్లగాలి. తెన్నేటి పార్కు దాటాక కుడివైపు సముద్రం కనపడుతూ మాయమవుతూ వచ్చింది, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, "ఇలాంటప్పుడే బావుంటుందత్తా, పొద్దున్న నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, కెరటం నీట్‌గా లేస్తుంది, మధ్యాహ్నం గాలి తిరిగాక అంతా గజిబిజి అయిపోద్ది" అని వాడు చెప్తున్నాడు.

మొదటి రోజు గురించి త్వరగా చెప్పేస్తా. ఫోన్‌లో బుక్ చేసిన చోటికి వెళ్తే పది నిమిషాలు ఇసుకలో ఎలా లేవాలో చూపించి బోర్డు చేతిలో పెట్టి పంపేశారు. ఆ బోర్డుకి లీష్ లేదు. లీష్ అంటే కాలి చీలమండకి కట్టుకునే తాడు, పడిపోయినా బోర్డు మన దగ్గరే ఉండాలని. అది ఉండాలని కూడా నాకు అప్పుడు తెలీదు. మూడోసారి పడ్డప్పుడు బోర్డు నన్నొదిలేసి నురగతో పాటు ఒడ్డుకి దూసుకుపోయింది, అక్కడ నాలుగైదేళ్ళ పాప ఇసుకలో గుంట తవ్వుకుంటోంది, వాళ్ళమ్మ చూసి చెయ్యి పట్టుకుని లాగేసింది కాబట్టి సరిపోయింది. నాకు చేతులు వణికాయి. ఎనిమిదడుగుల బోర్డు, దాని కింద రెక్కల్లాంటి గట్టి ఫిన్లు, ఆ వేగంలో తగిలితే ఏమయ్యేదో. మేనల్లుడు వెళ్ళి గట్టిగా అడిగితే "రష్‌గా ఉంది సార్, లీష్‌లు అయిపోయాయి" అన్నారు. లీష్‌లు అయిపోతే బోర్డులు కూడా అయిపోయినట్టే లెక్కకదా, ఇదేం పద్ధతి! ఆ రోజు ఇంక నీళ్ళలోకి దిగలేదు.

సాయంత్రం బీచ్ రోడ్డు మీద ముంత కింద పప్పు తింటూ ఆ బండాయనతోనే మాట కలిపితే ఆయన చెప్పాడు, అటు చివర జాలరిపేట కుర్రాడొకడు నేర్పిస్తాడు, ఎక్కువమందిని తీసుకోడు, పొద్దున్నే వెళ్ళండి అని. అలా దొరికాడు మా తమ్ముడు. 24 ఏళ్ళుంటాయేమో, సన్నగా, ఎండకి జుట్టు రాగి రంగు తిరిగిపోయి ఉంది.

పొద్దున్న ఆరున్నరకి వెళ్ళాం. బోర్డు ఇవ్వలేదు. "అక్కా, ముందు సూడండి. పావుగంట ఏటీ సెయ్యకండి, సూడండంతే" అన్నాడు. ఇసుకలో కూర్చున్నాం. కాసేపటికి నాకూ కనపడటం మొదలైంది, కెరటాలు ఒకదాని వెనక ఒకటి ఒకేలా రావు, కాసేపు చిన్నవి వస్తాయి, తర్వాత మూడు నాలుగు పెద్దవి వరసగా వస్తాయి, మళ్ళీ నిమ్మళం. ఎక్కడ తెల్లగా విరుగుతోందో అక్కడ అడుగున ఇసుక దిబ్బ ఉన్నట్టు. కెరటం అడుగు ఆ దిబ్బకి తగిలి నెమ్మదిస్తుంది, పైభాగం ఆగకుండా ముందుకొచ్చి బోర్లా పడుతుంది. రెండు దిబ్బల మధ్య ఓ చోట అసలు విరగట్లేదు, నీళ్ళు నున్నగా, ప్రశాంతంగా ఉన్నాయి, నేనైతే అక్కడే దిగుదాం అన్నా. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "అదే అక్కా మనుషుల్ని తీసుకుపోయేది. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి అటే లోపలికి పోతాయి. ఎప్పుడైనా అందులో పడితే ఒడ్డుకేసి ఈదకండి, పక్కకి ఈదండి, ఒడ్డు ఎంబడి. లాగుడు దాటేక అప్పుడు కెరటంతో పాటు వచ్చేయొచ్చు."

ఈ ఒక్క మాట ఆర్కే బీచ్‌కి వచ్చే ప్రతి పిల్లాడికీ తెలిసుంటే ఎన్ని ఇళ్ళు బాగుండేవో. పండగలప్పుడు పేపర్లో చూస్తుంటాం కదా, స్నానానికి దిగి కొట్టుకుపోయారని. నున్నగా ఉన్న చోటే దిగుతారు అందరూ, నాలాగే.

తర్వాత బోర్డు తెచ్చాడు. నీలం రంగు ఫోమ్ బోర్డు, తొమ్మిదడుగులు, పైన మెత్తగా స్పాంజిలా ఉంటుంది, ఎంతమంది మోకాళ్ళు ఆనాయో మధ్యలో రంగు పోయి తెల్లబడింది. లీష్ తనే నా చీలమండకి కట్టి రెండుసార్లు లాగి చూశాడు. నడుము లోతులో నన్ను బోర్డు మీద బోర్లా పడుకోబెట్టి, వెనక నుంచి కెరటం వస్తుంటే "ఇప్పుడు... ఇప్పుడు... లెగండి!" అని తోసేవాడు. చేతులు రొమ్ము పక్కన ఆనించి ఒక్క ఊపులో రెండు కాళ్ళూ ఒంటి కిందకి తెచ్చుకోవాలి. మోకాళ్ళ మీద ఆగామా, పడ్డట్టే. కిందకి చూశామా, పడ్డట్టే. ఎటు చూస్తే అటే పోతుంది బోర్డు, కాబట్టి ఒడ్డున ఏదో ఒకటి పెట్టుకుని దాన్నే చూడాలి, నేను తమ్ముడి వాళ్ళ తాత కూర్చున్న పడవని పెట్టుకున్నా.

తాత గురించి చెప్పాలి. ఫైబర్ పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉంటాడు, కాలి బొటనవేలికి వల కొస తగిలించి లాగి పట్టుకుని, ఇంకో చేత్తో నైలాను దారం ముడేస్తూ. నేను అలసిపోయి వచ్చి పక్కన కూలబడితే వల మీంచి తల ఎత్తకుండానే "కెరటానికి ముందుగా లెగుతున్నావమ్మా. అది నిన్ను ఎత్తే దాకా ఆగాల" అన్నాడు. తలెత్తి చూడకుండా ఎలా తెలుసు తాతా అంటే నవ్వాడు. వాళ్ళ చిన్నప్పుడు మొద్దులు కట్టిన తెప్పల మీద వేటకెళ్ళేవాళ్ళట, తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర సరైన కెరటం కోసం ఆగి, తెడ్డు వేసి, దాని మీదెక్కి జర్రున ఇసుక దాకా వచ్చేసేవాళ్ళట. తప్పు కెరటం ఎక్కితే తెప్ప తిరగబడి చేపలన్నీ గంగమ్మకే. "ఈ ఆట మాకు కొత్త కాదమ్మా, పేరే కొత్త" అన్నాడు. పేటలో పిల్లలు ఇప్పటికీ థర్మోకోల్ ముక్కలకి గోనె చుట్టి దాని మీద పడుకుని కెరటాలెక్కుతారు, నేను చూశా, ఎవరూ నేర్పకుండానే.

ఇది విన్న దగ్గర్నుంచీ నా మనసంతా అక్కడే తిరిగింది. రాత్రి లాడ్జిలో మేనల్లుడూ నేనూ దీని గురించే మాట్లాడుకున్నాం. వాడికి ఈ చరిత్రంతా నోటికొచ్చు. సర్ఫింగ్ హవాయి వాళ్ళది, శతాబ్దాల నాటిది. దాన్ని టూరిజానికి వాడుకోవడం కూడా ఈనాటిది కాదు, 1907లో కాలిఫోర్నియాలో హెన్రీ హంటింగ్టన్ అనే రైల్వే యజమాని, జనం తన రైలెక్కి రెడొండో బీచ్‌కి రావాలని హవాయి నుంచి వచ్చిన జార్జ్ ఫ్రీత్ చేత కెరటాల మీద నిలబెట్టి చూపించాడట. అంటే టికెట్ల కోసం మొదలైన వ్యవహారం. తర్వాత ఇండోనేషియాలో అడవి పక్కన జి-లాండ్‌లో 1970ల్లో సర్ఫ్ క్యాంపు, ఫిజీలో 1980ల్లో తవరువా దీవి రిసార్టు. ఆ ఫిజీ కథ నాకు బాగా గుచ్చుకుంది, అక్కడ క్లౌడ్‌బ్రేక్ అని గొప్ప కెరటం ఉంది, ఏళ్ళ తరబడి రిసార్టు గెస్టులకే అది, 2010లో ప్రభుత్వం చట్టం తెచ్చి అందరికీ తెరిచింది. కెరటానికి కూడా గేటు పెట్టొచ్చన్నమాట!

మన దేశంలో కథ వేరేలా మొదలైంది. 2004లో కర్ణాటకలో ముల్కి దగ్గర మంత్ర సర్ఫ్ క్లబ్ వచ్చింది, అది పెట్టిన జాక్ హెబ్నర్ అమెరికా నుంచి వచ్చి ఇక్కడ ఆశ్రమ జీవితం గడిపిన మనిషి, అందుకే సర్ఫింగ్ స్వామి అంటారు. తర్వాత చెన్నై పక్కన కోవలం. అక్కడ మూర్తి మేగవన్ జాలరి కుటుంబంలో పుట్టినవాడు, సొంతంగా నేర్చుకుని, ఊళ్ళో పిల్లలకి నేర్పి, అరుణ్ వాసు లాంటివాళ్ళు తోడు నిలబడితే 2012లో కోవ్‌లాంగ్ పాయింట్ స్కూల్ పెట్టాడు. నేర్పేది ఆ ఊరి కుర్రాళ్ళే. 2023లో పక్కనే మహాబలిపురంలో వరల్డ్ సర్ఫ్ లీగ్ పోటీ జరిగింది, 2025 ఆగస్టులో అదే ఊళ్ళో ఏషియన్ ఛాంపియన్‌షిప్ జరిగితే మన రమేష్ బూదిహాల్ కాంస్యం తెచ్చాడు. ఒక చేపల రేవు పక్కన పదమూడేళ్ళలో ఇంత జరిగింది. వైజాగ్‌కి అంతకంటే ఏం తక్కువ? ఎయిర్‌పోర్టుంది, రైళ్ళున్నాయి, రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ కూడా వచ్చింది, శుభ్రంగా, సురక్షితంగా ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది, అప్పుడు దేశం మొత్తం మీద ఎనిమిది బీచ్‌లకే ఇచ్చారు.

కాకపోతే నా భయం ఒకటే, ఇది పెరిగేటప్పుడు ఎవరి చేతుల్లో పెరుగుతుంది అని. మేనల్లుడు వెలిగామ గురించి చెప్పాడు, ఒడ్డు పొడుగునా బోర్డులు అద్దెకిచ్చే పాకలే, ఒక్కో పాక వెనక ఒక హోమ్‌స్టే, ఒక స్కూటీల షాపు, ఒక చిన్న హోటలు, ఫోటోలు తీసేవాళ్ళు, విరిగిన బోర్డు అతికేవాళ్ళు. గుడి చూడ్డానికొచ్చినవాడు పొద్దునొచ్చి సాయంత్రం వెళ్ళిపోతాడు, సర్ఫింగ్‌కి వచ్చినవాడు వారం ఉంటాడు, ఎందుకంటే కెరటం రోజూ ఉండదు, ఆగాల్సిందే. ఆ ఆగిన వారం డబ్బు ఊళ్ళోనే ఖర్చవుతుంది. అదే అసలు సంగతి. నేను మా తమ్ముడికి గంటన్నరకి 1500 ఇచ్చా, అందులోంచి ఆ మధ్యాహ్నమే వాళ్ళమ్మ మాకు కానాగంతల పులుసు వండి పెట్టింది, డబ్బులు తీసుకోమంటే తీసుకోలేదు.

మూడో రోజు పొద్దున ఇసుకలో ట్రాక్టర్ టైరు జాడలాంటిది కనిపించింది, రెండు వరసలు, నీళ్ళ దగ్గర్నుంచి పైదాకా వచ్చి మళ్ళీ నీళ్ళలోకి. తాబేలు, రాత్రి గుడ్లు పెట్టి వెళ్ళింది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ నెలల్లోనే వస్తాయి. గుడ్లు ఫారెస్టు వాళ్ళు హేచరీకి, అంటే వాటిని పొదిగించే చోటికి, తీసుకెళ్తారని తమ్ముడు చెప్పాడు. పిల్లలు బయటికొచ్చాక వెలుగున్న వైపు నడుస్తాయి, వెలుగు సముద్రం మీదే ఉంటుందని వాటి నమ్మకం, ఇప్పుడేమో రోడ్డు మీద లైట్లు ఎక్కువ. ఈ బీచ్‌లో కేఫ్‌లు పెట్టేవాళ్ళెవరైనా సరే దయచేసి ఈ నాలుగు నెలలు సముద్రం వైపు లైట్లు ఆర్పండి, ఇంత చిన్న పనికి మీ వ్యాపారం ఏం పోదు.

నాలుగో రోజు. ఒళ్ళంతా నొప్పులు, మోచేతులు గీరుకుపోయి ఉప్పునీళ్ళకి మంట. రెండు కెరటాలు వదిలేశా. మూడోదానికి తమ్ముడు తోయబోతుంటే ఒడ్డు మీంచి తాత కేక, "అది కాదురా, ఎనకాలది!" తమ్ముడు బోర్డు పట్టుకుని ఆపాడు. ఆ కెరటం మా కిందనుంచి వెళ్ళి పక్కనే చప్పున కూలిపోయింది. వెనకాలది వచ్చింది, నెమ్మదిగా, వెడల్పుగా. బోర్డు తోక లేచింది. ఆగా. ఇంకా ఆగా. లేచా. కాళ్ళ కింద నీళ్ళు సలసలమంటున్న చప్పుడు వినపడింది, ఒడ్డు నా వైపు వస్తోంది, పడవ, తాత, ఆయన చేతిలో వల. నాలుగు సెకన్లుంటాయంతే అన్నాడు మేనల్లుడు, వాడు లెక్కపెట్టాడట. నేను పడలేదు, నీళ్ళు తక్కువైపోతే నేనే దిగా. తాత మొదటిసారి వల పక్కన పెట్టి చూశాడు.

బయల్దేరేటప్పుడు మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు తమ్ముడూ అని అడిగా, చలికాలం అంటాడేమో అనుకున్నా, పెద్దగా కెరటాలుండవు కదా. ఏప్రిల్ 15 తర్వాత రమ్మన్నాడు. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, 61 రోజులు. వాళ్ళ నాన్న పడవ ఒడ్డునే ఉంటుంది, ఆ రెండు నెలలూ ఇల్లు గడవాలంటే బోర్డులే. స్కూళ్ళకి సెలవులు కాబట్టి జనం కూడా వస్తారు. "కెరటం కొంచెం పెద్దదుంటది, పొద్దున్నే దిగుదాం, నాన్న కూడా నీళ్ళలో ఉంటాడు, ఇద్దరం సూసుకుంటాం, బయపడకండి అక్కా" అన్నాడు.

ఏప్రిల్ 20కి గోదావరికే టికెట్లు చేశా, ఈసారి మూడు. మా అన్నయ్య కూడా వస్తానన్నాడు, ఆర్కే బీచ్‌లో నాన్న కేకలు నాతో పాటు విన్నవాడే.