విశాఖలో పాత కార్టూన్ క్యాసెట్లు: 26లో 11 ఎక్కాయి

పాత కార్టూన్ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. లెక్క ముందు. మొత్తం 26 వీహెచ్ఎస్ క్యాసెట్లు, 9 వీసీడీలు. క్యాసెట్లన్నీ 1990లలో టీవీ నుంచి ఇంట్లో రికార్డు చేసినవే. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గాజువాక ఇళ్ల అటకల మీంచి దిగాయి. కంప్యూటర్లోకి ఎక్కినవి 11. బూజు పట్టి డబ్బాలో ఆరుతున్నవి 8. టేపు తెగినవి 2. ఇంకా ముట్టుకోనివి 5.

ఇప్పటిదాకా బయటపడిన సరుకు: దూరదర్శన్ ఆదివారం పొద్దుటి జంగిల్ బుక్, డక్ టేల్స్, టేల్ స్పిన్, మూడూ హిందీలో. కార్టూన్ నెట్‌వర్క్ నుంచి పైరేట్స్ ఆఫ్ డార్క్ వాటర్, సెంచూరియన్స్ ముక్కలు. ఫిల్మ్స్ డివిజన్ వారి 1974 నాటి ఏక్ అనేక్ ఔర్ ఏకతా ఒకటిన్నర సార్లు (రెండోసారి సగంలో ఎవరో వార్తలు రికార్డు చేశారు). పైరేట్స్ 21 ఎపిసోడ్లకే ఆగిపోయింది. 13 నిధుల కోసం బయల్దేరి 8 దగ్గరే ఓడ ఆగింది కాబట్టి, అది గుర్తున్నవాళ్లకు సగం భోజనంలో లేచిన బాధ ఇంకా ఉంటుంది.

ఈ కార్టూన్ల బొమ్మ చాలావరకు డిస్కుల మీద ఇంతకంటే శుభ్రంగా దొరుకుతుంది. ఆనాటి డబ్బింగ్, మధ్యలో ప్రకటనలు, 'రుకావట్ కే లియే ఖేద్ హై' (అంతరాయానికి చింతిస్తున్నాం) అన్న పలక మాత్రం చాలావరకు ఇలాంటి టేపుల్లోనే మిగిలాయి. అందుకని ఎక్కడ బొమ్మకీ శబ్దానికీ పేచీ వచ్చినా శబ్దానికే పెద్దపీట వేస్తున్నాం.

జూన్ నుంచి సెప్టెంబరు: ఆరబెట్టడం

వానాకాలంలో ఇక్కడ క్యాసెట్ తెరవడం దండగ. సముద్రపు గాలిలో తేమ 80 శాతం దగ్గర ఆడుతుంటే, 65 దాటిన దగ్గర్నుంచే బూజుకు పండగ. క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చుట్ట అంచు చూడాలి. నల్లగా, నిగనిగలాడుతూ ఉంటే మంచిది. తెల్లటి పొడి, సాలెగూడు లాంటి పోగులు, ముగ్గు చల్లినట్టు మచ్చలు కనిపిస్తే అది బూజే. అలాంటిదాన్ని మంచి వీసీఆర్‌లో పెట్టారా, అది హెడ్లకు (టేపును చదివే భాగాలకు) అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది.

పద్ధతి ఇది. గాలి చొరబడని 20 లీటర్ల డబ్బా, అడుగున గుడ్డ సంచిలో 500 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే నీలం గింజలు), లోపల ఒక చిన్న తేమ మీటరు. మీటరు 40 శాతం చూపించి అక్కడే నిలబడాక ఇంకో మూడు వారాలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. పొయ్యి మీద మూకుట్లో వేయించొద్దు; వేడి అదుపు తప్పితే రంగు మారే గుణమే పోతుంది. వంటపాత్రలు అసలు వాడొద్దు, ఆ నీలం రంగు కోబాల్ట్ ఉప్పుది.

ఎండలో పెట్టి ఆరబెడదామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. చుట్ట బిగుసుకుని టేపు అంచులు వంకర తిరుగుతాయి. శబ్దం ఉండేది సరిగ్గా ఆ అంచులోనే.

ఆరిన బూజు పొడిగా రాలుతుంది. పని చేసేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకుని, బాల్కనీలో, 'చచ్చినా ఫర్వాలేదు' అనుకున్న పాత డెక్‌లో (వీసీఆర్‌లో), టేపు దారి మీద నూగు రాని పొడి గుడ్డ ఆనించి ముందుకూ వెనక్కూ రెండేసి సార్లు చుట్టాలి. ప్రతిసారీ గుడ్డ మార్చాలి. ఈ పనికి ముందే క్యాసెట్ అంచునుండే రికార్డు ట్యాబు (చిన్న ప్లాస్టిక్ ముక్క) విరిచేయాలి, పొరపాటున రికార్డు బటన్ పడితే ముప్పై ఏళ్ల సరుకు గోవిందా.

అక్టోబరు: వీసీఆర్

రెండు డెక్‌లు: ఒకటి తుడవడానికి, ఒకటి ఆడించడానికి. ఆడించేదానికి వచ్చిన జబ్బులు ఉప్పుగాలి ఊళ్లో మామూలువే. క్యాసెట్ మింగి వెంటనే కక్కేస్తుంటే అనుమానించాల్సింది మోడ్ స్విచ్‌ని (యంత్రం ఏ దశలో ఉందో చెప్పే స్విచ్). లోపలి రాగి పట్టీలు చిలుము పడతాయి. విప్పి కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిస్తే సరిపోయింది. టేపు నలిపి తినేస్తుంటే చుట్టుకునే వైపు రీలు తిరగడం లేదని అర్థం. ఐడ్లర్ (రీలును తిప్పే చిన్న చక్రం) రబ్బరు నున్నగా అయిపోయి ఉంటుంది. 400 నంబరు గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దితే కొన్ని నెలలు లాగుతుంది, కొత్త రబ్బరు వేయడమే అసలు మందు.

హెడ్లు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. దూది పుల్లలు వద్దు, పోగులు హెడ్ కొనకు చిక్కుకుంటాయి. ఆల్కహాల్‌తో తడిపిన తెల్ల కాగితం ముక్క డ్రమ్ముకు (హెడ్లు తిరిగే గుండ్రటి భాగానికి) ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్మునే పైనుంచి వేలితో తిప్పాలి. కాగితాన్ని పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరుగుతుంది, అంతే సంగతులు. పించ్ రోలర్‌కు (టేపును లాగే రబ్బరు చక్రానికి) మాత్రం ఆల్కహాల్ బదులు సబ్బునీళ్ల తడిగుడ్డ, లేకపోతే రబ్బరు ఎండి పగులుతుంది.

ఒక గుర్తు: తెర నిండా మంచు పడుతూ శబ్దం మాత్రం బాగా వస్తుంటే వీడియో హెడ్లు మూసుకున్నాయి. రెండూ చెడితే లోపం టేపుది, లేదా టేపు నడిచే దారిది. ఏసీ గదిలోంచి డెక్‌ను ఉక్కగదిలోకి మార్చినప్పుడు 'డ్యూ' (తేమ హెచ్చరిక) దీపం వెలిగితే తిట్టుకోవద్దు, రెండు గంటలు ఆగాలి. తడి డ్రమ్ముకు టేపు అతుక్కుంటుంది. ఇంకొకటి, యూపీఎస్ లేకుండా క్యాప్చర్ (కంప్యూటర్లోకి ఎక్కించడం) మొదలెట్టొద్దు. కరెంటు పోతే టేపు డ్రమ్ము చుట్టూ చిక్కుకుపోతుంది.

నవంబరు నుంచి జనవరి: శబ్దం, ఆ తర్వాత బొమ్మ

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. ఆనాటి ఇంటి వీసీఆర్లు ఎక్కువగా మోనో. శబ్దం టేపు పై అంచున సన్నటి గీతలా, సెకనుకు 23.39 మిల్లీమీటర్ల వేగంతో రికార్డయింది. అంత నెమ్మది టేపు మీద సన్నటి, కీచు శబ్దాలు అసలే కొద్దిగా ఉంటాయి. పైగా రికార్డు చేసిన డెక్ హెడ్ వాలు ఒకటి, మనం ఆడించే డెక్ వాలు ఇంకొకటి అయితే ఆ కొద్దీ పోయి, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. దీన్ని తర్వాత కంప్యూటర్లో ఈక్వలైజర్‌తో లేపితే లేచేది బుస ఒక్కటే.

కాబట్టి ప్రతి క్యాసెట్‌కూ విడిగా అజిమత్ (ఆ హెడ్ వాలు) సర్దుతున్నాం. దాన్ని సర్దేది ఆడియో హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూ. ముందు మార్కర్‌తో దాని అసలు స్థానం గుర్తు పెట్టాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ, 'స', 'చ' పలికే చోట్లు పదునుగా వినిపించే దగ్గర ఆపాలి. పక్కనున్న మిగతా స్క్రూలు ముట్టుకోవద్దు. అవి ఎత్తు, వంపు సర్దేవి, ఒక్కసారి చెడితే ఆసిలోస్కోపు (తరంగాలను తెర మీద చూపే పరికరం) లేకుండా మళ్లీ దారికి రావు. కంట్రోల్ ట్రాక్ (బొమ్మ గీతలతో హెడ్లను కలిపి నడిపే గుర్తులు) చదివేది కూడా ఈ హెడ్డే కాబట్టి, అజిమత్ అయ్యాక ట్రాకింగ్ మళ్లీ చూసుకోవాలి. హైఫై డెక్ (శబ్దాన్ని తిరిగే హెడ్లతో చదివేది) వాడేవాళ్లు ఆడియోను లీనియర్‌కు (అంచు గీతకు) మార్చుకోవాలి. లేకపోతే లేని హైఫై కోసం వెతుకుతూ గరగరమంటుంది.

బొమ్మ దారి: వీసీఆర్ నుంచి పానసోనిక్ ఈఎస్10 డీవీడీ రికార్డరు గుండా, అక్కడినుంచి యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంలోకి. మధ్యలో ఆ రికార్డరు డిస్కు రాయడానికి కాదు, వణికే గీతలను నిలబెట్టడానికి. వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 720×576, 25 ఫ్రేములు, హఫ్‌వైయూవీ (నాణ్యత తగ్గించని కుదింపు). ఆడియో 48 కిలోహెర్ట్జ్. గంటకు 30 నుంచి 35 జీబీ తింటుంది. నేరుగా ఎంపీ4లోకి ఎక్కించడం మొదటి క్యాసెట్‌తోనే మానేశాం, మంచు చుక్కల మీద ఖర్చయిన బిట్లు బొమ్మకు మిగల్లేదు. అడుగున చిరిగినట్టు కనిపించే ఏడెనిమిది గీతలు లోపం కాదు, హెడ్లు మారే చోటు. క్యాప్చర్‌లో కత్తిరించకుండా అలాగే ఉంచుతున్నాం.

ఫిబ్రవరి: టేపు గొంతు, డిస్కు బొమ్మ

శుభ్రమైన డిస్కు బొమ్మకు టేపులోని హిందీ శబ్దం జత చేయడం మొదలైంది. ఇక్కడ అందరూ పడే గుంట వేగం. అమెరికా ఎపిసోడ్ 22 నిమిషాలు అనుకుందాం. ఫిల్మును పాల్ (మన దేశపు పాత టీవీ పద్ధతి) కోసం సెకనుకు 24 (కచ్చితంగా 23.976) బదులు 25 ఫ్రేములతో ఎక్కిస్తే అది 21 నిమిషాల 6 సెకన్లకు కుదించుకుపోతుంది. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) వీడియో నుంచి మార్చి ఉంటే నిడివి మారదు, కానీ ఫ్రేము ఫ్రేమూ ఆపి చూస్తే రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి దెయ్యంలా కనిపిస్తాయి. దెయ్యాలుంటే శబ్దం వేగం ముట్టుకోనక్కర్లేదు. లేకపోతే 95.9 శాతానికి తగ్గించాలి.

తగ్గించేటప్పుడు శ్రుతి (పిచ్) కూడా దించాలా? డబ్బింగ్ ఆ పాల్ టేపు చూస్తూ జరిగి ఉంటే గొంతులు సహజంగానే ఉన్నాయి, సంగీతం మాత్రమే సెమీటోన్‌లో (కీబోర్డు మీద ఒక మెట్టులో) దాదాపు ముప్పావు వంతు పైకెక్కింది. దించితే సంగీతం సరిపోతుంది, గొంతులు బరువెక్కుతాయి. గొంతుల కోసమే ఇదంతా కాబట్టి టెంపో ఒక్కటే మారుస్తున్నాం. డక్ టేల్స్ అభిమానుల్లో దీనిమీద వాదన తప్పదు.

ఒకే కొలతతో మొత్తం ఎపిసోడ్ కలవదు, వీసీఆర్ వేగం కొద్దికొద్దిగా జారుతుంది. ప్రతి ప్రకటన విరామం దగ్గర కోసి, తలుపు మూసిన చప్పుడో చప్పట్లో చూసి మళ్లీ కలపాలి. కోసిన ప్రకటనలను పారేయకండి. ఎపిసోడ్ ఏ కాలందో చెప్పే సాక్ష్యాలు అవే. కార్టూన్ నెట్‌వర్క్ ఆగి అదే చానెల్‌లో టీఎన్‌టీ సినిమా మొదలయ్యే క్షణం టేపులో దొరికితే, 2001 మధ్యకు ముందుదని తేలిపోతుంది.

వీసీడీల సంగతి క్లుప్తంగా: మామూలుగా కాపీ చేస్తే డ్యాట్ ఫైలు (వీసీడీలో వీడియో ఉండే ఫైలు) ఎర్రర్ ఇస్తుంది. వీడియో సెక్టార్లలో డేటా సీడీకుండే అదనపు దిద్దుబాటు పొర లేదు. సెక్టారుకు 2352 బైట్ల చొప్పున మొత్తం డిస్కు ఇమేజ్ తీస్తే 9లో 7 వచ్చాయి.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది 17వ క్యాసెట్, టేపు తెగింది. కవచానికి అయిదు స్క్రూలు. విప్పి, ఖాళీ క్యాసెట్ కవచంలోకి మార్చి, వెనకవైపు స్ప్లైసింగ్ టేపుతో అతకాలి. సెల్లోటేపు వేస్తే జిగురు కారి హెడ్లను పాడుచేస్తుంది. అతుకు హెడ్ల మీదికి రాకముందే ఆపి, రెండు ముక్కలనూ వేర్వేరుగా ఎక్కించాలి. స్ప్లైసింగ్ టేపు ఊళ్లో దొరకలేదు, తెప్పించాలి.