నాన్న నెట్‌బుక్‌లో లైనక్స్ ఎక్కించిన నా అనుభవం

2009లో నాన్న ఎరువుల షాపు లెక్కల కోసం ఒక నెట్‌బుక్ (చిన్న ల్యాప్‌టాప్) కొన్నారు. 10 అంగుళాల స్క్రీన్, ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోయాక అది మెల్లగా బీరువా మీదికి చేరింది. 2024 వేసవిలో తెనాలి వెళ్లినప్పుడు, "అందులో పాత ఖాతాలు ఉన్నాయిరా, ఒకసారి తెరిచిపెట్టు" అన్నారు.

తెరవడమే కాదు, మళ్లీ రోజూ వాడుకునేలా చేసి ఇద్దామనిపించింది. విండోస్‌కు బదులు నేను వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ 21నే పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టాను. ఈ కెర్నల్‌కు (సిస్టమ్ ప్రధాన భాగానికి) 64 బిట్ ప్రాసెసర్ కావాలి, ఇక్కడ ఉన్నది ఐ686 (అంటే 32 బిట్ రకం) అని ఒక లైను వచ్చి ఆగిపోయింది. ఎన్270 వట్టి 32 బిట్ చిప్. ఉబుంటు అనే మరో లైనక్స్ 2017లోనే 32 బిట్ డెస్క్‌టాప్ ఇమేజ్‌లు (ఇన్‌స్టాల్ ఫైళ్లు) ఆపేసింది, మింట్ ప్రధాన ఎడిషన్ 2020లో ఆపింది. వెతికితే డెబియన్ 12 ఆధారంగా చేసిన యాంటీఎక్స్ 23 అనే లైనక్స్ దొరికింది. దానికి 32 బిట్ ఇమేజ్ ఉంది.

రూఫస్ అనే టూల్‌తో రాసిన ఆ పెన్‌డ్రైవ్ కూడా మొదట బూట్ కాలేదు, కర్సర్ మిణుకుమంటూ ఉండిపోయింది. డిస్క్ విభజనకు నేను కొత్త పద్ధతి జీపీటీ ఎంచుకోవడం వల్ల. ఇంత పాత బయోస్‌కు (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌కు) కొత్త తరం బూట్ పద్ధతి యూఈఎఫ్ఐ తెలియదు, డిస్క్ మొదటి సెక్టార్‌లోనే బూట్ కోడ్ కోసం చూస్తుంది. పాత పద్ధతి ఎంబీఆర్ పెట్టి మళ్లీ రాస్తే డెస్క్‌టాప్ వచ్చింది. ఇన్‌స్టాల్ జోలికి పోకముందే, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్న ఆ సిస్టమ్‌తోనే నాన్న ఫైళ్లన్నీ బయటికి కాపీ చేశాను. ఎవరు చేసినా ముందు ఈ పని చెయ్యండి.

ఇన్‌స్టాలర్‌లో ఇంకో తలనొప్పి. స్క్రీన్ ఎత్తు 600 పిక్సెళ్లే, 'నెక్స్ట్' బటన్ కిందికి పోయి కనిపించదు. ఆల్ట్ కీ నొక్కిపట్టి మౌస్‌తో విండోను పైకి లాగితే బటన్ దొరికింది.

అసలు టెన్షన్ ఇన్‌స్టాల్ అయ్యాక మొదలైంది. వైఫై కలిసింది కానీ బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ (సైట్ అసలైనదేనని చెప్పే డిజిటల్ పత్రం) తప్పు అంటుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఆప్ట్ కమాండ్‌తో అప్‌డేట్ చేయబోతే, సర్వర్‌లోని రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు అంటుంది. రెండు సాయంత్రాలు రౌటర్ మార్చాను, డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలు వెతికే సర్వర్) మార్చాను, చివరికి మొత్తం చెరిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అదే ఎర్రర్. 'ఇంకా' అన్న మాట దగ్గర ఆగి, మూల నున్న గడియారం చూశాను. 2008 జనవరి 1. సర్టిఫికెట్ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని ఉంటుంది. 2008లో ఉన్న కంప్యూటర్‌కు ఈనాటి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనివే.

డేట్ కమాండ్‌తో తేదీ సరిచేశాను, అన్నీ తెరుచుకున్నాయి. చార్జర్ తీస్తే మళ్లీ 2008. నెట్‌బుక్ అసలు బ్యాటరీ ఎప్పుడో పోయింది, గడియారాన్ని నడిపే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కూడా అయిపోయింది. అడుగు మూత విప్పి చూస్తే మామూలు సీఆర్2032. బజార్లో 40 రూపాయలు. అది వేసి, బయోస్‌లో తేదీ పెట్టాక గడియారం నిలబడింది.

1 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో రెండు మూడు ట్యాబ్‌లకు మించి లాగదు, అది నాన్నకు ముందే చెప్పాను. లిబ్రెఆఫీస్‌లో ఖాతా తెరిస్తే రైతుల పేర్ల చోట డబ్బాలు కనిపించాయి. తెలుగు ఫాంట్లు ఎక్కించి మళ్లీ తెరిచాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని 2011 ఖరీఫ్ పేజీ దగ్గర ఆగారు. ఒక్కో పేరూ పైకి చదువుతూ, ఎవరిది ఏ ఊరో అమ్మకు చెప్పడం మొదలుపెట్టారు.