వాక్యాన్ని ముక్కలు చేస్తే అనువాదం కుదరదు

వలంటీర్లు కట్టిన వెబ్ టూల్‌కి అనువాదకుల్ని పిలిచే ముందు, కోడ్‌లో ఎక్కడ పడితే అక్కడ రాసేసిన మాటలన్నీ ఏరి ఒక జేసన్ ఫైల్లోకి (పేరు, విలువ జతలుగా రాసుకునే టెక్స్ట్ ఫైలు) చేర్చాలి. ఒక్కో సందేశానికి ఒక కీ, అంటే కోడ్ దాన్ని పిలిచే పేరు. గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనం వాడేవాళ్లకైతే దాని పీఓ ఫైలు. దీనికి ఓపిక ఉంటే చాలు.

చిక్కంతా అతుకుల దగ్గరే. 'సెర్చ్ ఇన్' అని రాసి పక్కన విభాగం పేరు అతికించే కోడ్ తరచూ కనిపిస్తుంది. తెలుగులో 'లో' పేరు తర్వాత రావాలి, అనువాదకుడికి అక్కడ చోటే లేదు. అందుకే వాక్యమంతా ఒకే కీలో ఉంచి, పేరు రావాల్సిన చోట $1 అనే గుర్తు పెట్టాలి; కోడ్ అక్కడ అసలు పేరు నింపుతుంది. అప్పటికీ గొడవ తీరదు. '$1లో వెతకండి' అంటే తెరమీద 'పుస్తకాలులో వెతకండి' అని పడుతుంది. 'పుస్తకాల్లో' అని మార్చే తెలివి ఆ కోడ్‌కి లేదు. 'వెతికే విభాగం: $1' అని తిప్పి రాస్తే సరిపోతుంది.

బహువచనం కోసం చివర 'ఎస్' తగిలించే కోడ్ ఉంటే తీసిపారేయండి. యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ (భాషల నియమాల భాండారం) ప్రకారం తెలుగుకు 2 వచన రూపాలు, జపనీస్‌కు 1, అరబిక్‌కు 6. ఏ అంకెకు ఏ రూపమో ఎంచే పని లైబ్రరీకే (సిద్ధంగా దొరికే కోడ్‌కే) వదలాలి. మనకు ఇంకో మెలిక ఉంది: '3 ఫైళ్లు' బాగానే ఉంటుంది, '3 సభ్యులు' మాత్రం ఎబ్బెట్టు. 'సభ్యులు: 3' నయం.

'ఓపెన్' అని ఒంటరి మాట ఇస్తే అది 'తెరవండి' అనా, 'తెరిచి ఉంది' అనా? ట్రాన్స్‌లేట్‌వికీ డాట్ నెట్ అనే అనువాదాల సైటులో ఇందుకోసమే 'క్యూక్యూక్యూ' అనే ఉత్తుత్తి భాషా కోడ్ ఉంది. కీ ఎక్కడ కనిపిస్తుందో, బటనో శీర్షికో, $1లో ఏం వస్తుందో అందులో రాస్తారు. డెవలపర్లు బద్ధకించేది సరిగ్గా ఇక్కడే. ఆ సైటు స్వేచ్ఛా లైసెన్సు ఉన్న ప్రాజెక్టుల్నే తీసుకుంటుంది. అనువాదకులకు గిట్ (కోడ్ మార్పుల్ని నమోదు చేసే సాధనం) తెలియక్కర్లేదు.

ఇంగ్లీషు వాక్యం అర్థం మారితే కొత్త కీ పెట్టండి. పాత కీనే ఉంచితే మిగతా భాషల్లో పాత అర్థమే కనిపిస్తూ ఉండిపోవచ్చు. అనువాదం లేని కీకి ఇంగ్లీషు పాఠం చూపించాలి, ఖాళీ బటన్ కాదు.

ఇక సీఎస్‌ఎస్, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్. ఇంగ్లీషు కొలతతో లైన్ ఎత్తు బిగిస్తే తెలుగు ఒత్తులు కింద తెగుతాయి. ఉర్దూ, అరబిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి 'మార్జిన్-లెఫ్ట్' (ఎడమవైపు ఖాళీ) బదులు 'మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్' (వాక్యం మొదలయ్యే వైపు ఖాళీ) వాడండి. బటన్లకు స్థిరమైన వెడల్పు అసలే వద్దు.