జూన్ రోటా

సాల్స్‌బరీలో ఒక కేర్ హోమ్‌లో నర్సుగా చేస్తున్నాను. నెలనెలా రోటా, అంటే డ్యూటీల పట్టిక, వేసేది నేనే. ఎవరు ఏ రోజు సెలవు అడుగుతున్నారో చూస్తే చాలు, వాళ్ల పండుగేమిటో తెలిసిపోతుంది. రంజాన్‌కి ఇద్దరు, ఓనమ్‌కి నలుగురు, క్రిస్మస్‌కి అందరూ. జూన్ మూడో వారం అడిగేవాళ్ల సంగతే మొదటి ఏడాది నాకు అంతుపట్టలేదు.

ముగ్గురు అడిగారు: నైట్ షిఫ్ట్ చేసే కేరర్ అమ్మాయి, మెయింటెనెన్స్ చూసే పెద్దాయన, లాండ్రీలో పనిచేసే లిథువేనియా ఆవిడ. ముగ్గురూ పేగన్లేనని, అంటే క్రైస్తవానికి ముందటి దేవుళ్లని, ప్రకృతిని కొలిచేవాళ్లని మేనేజర్ చెప్పింది. సూర్యుడు, చెట్లు, నిప్పు, అంతా ఒకటే పండుగ కాబోలు అనుకున్నాను. ముత్యాలమ్మ మొక్కు మైసమ్మ దగ్గర తీరిస్తే చెల్లదని ఖమ్మంలో పుట్టిన నాకు తెలియనిది కాదు. అయినా వాళ్లని ఒకే గాటన కట్టి ముగ్గురికీ పగలు బాగా పొడవైన రోజని 21నే ఇచ్చాను. లాండ్రీ ఆవిడకి కావాల్సింది 23 రాత్రి. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పెద్దాయన డ్రూయిడ్, పాతకాలపు బ్రిటన్ పూజారుల బాట పట్టినవాడు. స్టోన్‌హెంజ్ అనే పురాతన రాళ్ల వలయం మాకు పదిహేను కిలోమీటర్ల లోపే. 2000 నుంచి ఏటా ఆ 21కి ముందు రాత్రి జనాన్ని రాళ్ల మధ్యకి ఉచితంగా పోనిస్తున్నారు. ఐదు కొట్టకముందే సూర్యోదయం. ఈయన తెల్ల అంగీ తొడుక్కుని వెళ్తాడు. ఆ రాళ్లు నిలబెట్టింది మీవాళ్లేనా అంటే నవ్వాడు. రాళ్ల వయసు నాలుగున్నర వేల ఏళ్లు, పాత డ్రూయిడ్ల గురించి దొరికే రాతలు రెండు వేల ఏళ్ల నాటివి. ఆ సంగతి తెలిసే వెళ్తాడు. వాళ్లలో దేవుడొక్కడే అనేవాళ్లు, చాలామంది అనేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు కూడా ఉంటారట. 2010లో ఒక డ్రూయిడ్ సంఘాన్ని ఇక్కడ ధర్మ సంస్థల్ని చూసే చారిటీ కమిషన్ మత సంస్థగా నమోదు చేసుకుంది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం మనిషి కాస్త నిటారుగా నిలబడతాడు.

అమ్మాయిది విక్కా, మంత్రగత్తెల మతమని చెప్పుకునేది. అంత జనంలో పూజేమిటి అంటుంది. వాళ్లకి ఉపదేశం ఉంటుంది, అందులో మూడు మెట్లు. చిన్న బృందం, ఒక దేవి, కొమ్ములున్న దేవుడు. లోపల జరిగేది బయట చెప్పకూడదు, నేనూ అడగలేదు. దీన్ని లోకానికి తెలియజేసిన జెరాల్డ్ గార్డ్‌నర్ కూడా ఒకరకంగా మనలాంటి ప్రవాసే. సిలోన్ తోటల్లో, తర్వాత మలయా కస్టమ్స్‌లో పనిచేసి, 1936లో రిటైరై ఇంగ్లండ్ చేరాడు. 1951లో మంత్రగత్తెల చట్టం రద్దయింది, 1954లో ఆయన పుస్తకం వచ్చింది. పాతకాలం నుంచి దాగి వచ్చిన మతం అన్నాడాయన. చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో అల్లిందే అంటారు చరిత్రకారులు. డ్రూయిడ్ల సంఘం పెట్టిన రాస్ నికోల్స్‌కీ ఆయనకీ స్నేహం. రెండు చోట్లా ఏడాదికి అవే ఎనిమిది పండుగలు. వీళ్లిద్దరి సెలవు ఫారాలు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినట్టు ఎందుకుంటాయో అప్పటికి తెలిసింది.

2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి పేగన్ అని రాసుకున్నవాళ్లు 74,000 మంది. విక్కా అని విడిగా రాసుకున్నవాళ్లు 13,000. అమ్మాయి ఈ రెండో లెక్కలో ఉంది.

లాండ్రీ ఆవిడ అయితే ఆ పేరే ఒప్పుకోదు. "నేను పేగన్‌ని కాదు" అంది చివరికి ఒకరోజు టీ తాగుతూ. లాటిన్‌లో పల్లెటూరివాడు అనే మాట అది, చర్చివాళ్ల నోట్లో తిట్టయింది. పెద్దాయన దాన్ని బ్యాడ్జిలా పెట్టుకుని తిరుగుతాడు, ఈవిడకి ముల్లులా గుచ్చుకుంటుంది. ఈవిడది రొమువా, లిథువేనియా పాత దేవుళ్లని కొలిచే మతం. ఉపదేశాలు, రహస్యాలు లేవు. అమ్మమ్మ పాడిన పాటలే మంత్రాలు, ఎదురుగా నిప్పు ఉండాలి, అంతే. లిథువేనియా 1387లో గానీ క్రైస్తవంలోకి రాలేదు కాబట్టి పాత దేవుళ్లు పాటల్లో మిగిలిపోయారంటుంది. అలాగని సంఘం మరీ పాతదేం కాదు. సోవియట్ రోజుల్లో 1967లో మొదలైంది, 1971లో మూయించారు, తర్వాత మళ్లీ లేచింది. ప్రభుత్వ గుర్తింపు ఇవ్వడానికి 2019లో వాళ్ల పార్లమెంటు ఒప్పుకోలేదు. 2021లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు అది తప్పంది. 2024 డిసెంబర్‌లో గుర్తింపు వచ్చింది. ఆ వారం స్టాఫ్ రూమ్‌లో ఆవిడ తెచ్చిన కేక్ తిన్నాం.

నాతో మాట కలిపింది మాత్రం పండుగ గురించి కాదు. వాళ్ల భాషలో నిప్పు ఉగ్నిస్, దేవుడు దియేవాస్. "మీ అగ్ని, మా ఉగ్నిస్ ఒకటే" అంది సంబరంగా. అగ్ని మాకు సంస్కృతం నుంచి వచ్చిన మాట, ఇంట్లో మేం అనేది నిప్పు అన్నాను. కాస్త డీలాపడింది. రెండుసార్లు పలికించుకుంది.

ఈ ఏడాది రోటాలో 21 ఇద్దరికి, 22 నుంచి 25 దాకా ఆవిడకి. ఊరెళ్లింది. 23 రాత్రి పన్నెండు దాటాక, నేను మందుల చార్టు రాస్తుండగా ఫోన్ మోగింది. వాళ్ల దేశంలోని కెర్నావే కొండ దగ్గర మంట, చుట్టూ పూలదండలు పెట్టుకుని పాడుతున్న ఆడవాళ్లు, ఒక వీడియో. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాట: నిప్పు.