చచ్చిన గద్ద అడ్రసు

నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. సరిగ్గా ఏడు వారాలకి. "మీరు అనుకున్నది నిజమే, అది కార్బోఫ్యూరాన్" అన్నాడు అవతలాయన. కార్బోఫ్యూరాన్ అంటే పురుగుల మందు, కొండ మీద నాకు కనిపించిన చచ్చిన గద్ద సంగతి అది. రెండు నిమిషాల్లో ఫోన్ పెట్టేశాడు. ఆ రెండు నిమిషాల మాట కోసం నేను పడ్డ పాట్లు వేడి చల్లారకముందే రాసేస్తున్నాను. స్కాట్లాండ్‌లో మన తెలుగువాళ్లు శనాదివారాలొస్తే చాలు కొండలెక్కుతున్నారు. రేపు మీకూ ఎదురవ్వచ్చు.

మేముండేది డండీలో. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆంగస్ కొండల్లో ఒక లోయకి వెళ్లాం. ఏ లోయో చెప్పను, బయట చెప్పొద్దని పోలీసులే అన్నారు. పులిహోర తిన్నాక మా ఆయన కారు సీటు వెనక్కి వాల్చేశారు. "ఐదు నిమిషాలే" అన్నారు. నేనొక్కదాన్నే కొండెక్కాను. భూమి ఎవరిదో ఎస్టేట్ వాళ్లది. అయినా 2003లో వచ్చిన చట్టం పుణ్యమా అని ఇక్కడ దాదాపు ఎవరి భూమిలోనైనా, పద్ధతిగా ఉన్నంతవరకు, నడిచే హక్కు ఉంది. మన దగ్గర పక్కవాడి గట్టు మీద నడిస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

ఆ కొండలు పచ్చగా ఉండవు. హెదర్ అనే పొట్టి పొద, మధ్యమధ్య కాల్చిన మచ్చలు, దూరం నుంచి చూస్తే గళ్ల దుప్పటి పరిచినట్టు. లేత చిగుళ్లు రావాలని కాలుస్తారు. చిగుళ్లు ఎవరికంటే గ్రౌజ్ పిట్టలకి. మన కౌజు పిట్టకి పెద్దన్నలాంటిది గ్రౌజ్. ఆగస్టు 12న వేట మొదలవుతుంది, డిసెంబరు 10 దాకా సాగుతుంది. తుపాకీ పట్టుకుని వచ్చేవాళ్లు బోలెడు డబ్బు కడతారు కాబట్టి పిట్టలు దండిగా ఉండాలి. పిట్టల్ని నక్క తినకూడదు, కాకి తినకూడదు, గద్ద అసలే తినకూడదు. నక్కల్నీ కాకుల్నీ నియమాల ప్రకారం చంపొచ్చు. గద్దల్ని ముట్టుకోకూడదు, 1981 చట్టం ప్రకారం నేరం. గొడవంతా ఇక్కడే.

నాకు కనిపించింది ముందు కుందేలు. పొట్ట చీల్చి, వెల్లకిలా పెట్టి ఉంది. చచ్చిన జంతువు మీద ఈగలు ముసరడం మామూలే. కానీ ఇక్కడ ఈగలు కూడా చచ్చి పడున్నాయి. కుందేలు బొచ్చులో, పక్కన గడ్డి మీద, ఆవాలు ఒలికినట్టు. పొట్ట లోపల నీలంగా ఏవో గింజల్లాంటివి. ఆరేడు అడుగుల అవతల పెద్ద గోధుమరంగు పక్షి, ముఖం నేలకి కొట్టుకుని, రెక్కలు బార్లా చాచి. కాళ్ల గోళ్లు మాత్రం పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోయి ఉన్నాయి.

ఆ గింజలేంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గుళికలు. మా నాన్న ఈ కార్బోఫ్యూరాన్ గుళికల్నే వరిలో మొగి పురుగుకి ఇసుకలో కలిపి చల్లేవారు. డబ్బా అటక మీద ఉండేది. దాని వైపు చూస్తేనే మాకు తిట్లు పడేవి. "గుళికలు మింగాడంట" అన్న మాట వినకుండా మా భీమవరం వైపు ఎవరూ పెద్దవాళ్లయి ఉండరు. అందుకే నేను ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. ఇది కొంచెం గొప్ప చెప్పుకోవడమే, కానీ చెప్పుకుంటాను. అక్కడికి మామూలుగా వచ్చే టూరిస్టు అయితే పాపం అనుకుంటూ ఆ పక్షిని చేత్తో ఎత్తి ఉండేవాడు. ఆ మందు చర్మం మీద పడ్డా ప్రమాదమే.

ఫొటోలు తీశాను. దగ్గర్నుంచి కొన్ని, వెనక కొండ శిఖరం కనపడేలా కొన్ని. అక్కడ సిగ్నల్ లేదు. పావుగంట పైకి ఎక్కితే ఒక గీత వచ్చింది. అత్యవసరం కాని వాటికి పోలీసుల నంబరు 101 కదా, దానికే చేశాను.

ఇక్కడ మొదలైంది నా అవమానం.

"దగ్గర్లో ఉన్న వీధి పేరు చెప్పండి."

వీధి లేదు, కొండ.

"పోస్ట్‌కోడ్?"

కొండకి పోస్ట్‌కోడ్ ఏంటండీ. మ్యాప్ చూసి శిఖరం పేరు చదివాను. ఆ పేర్లు గేలిక్ అనే ఇక్కడి పాత భాషవి. రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి, సగం అక్షరాలు నోట్లోకే రావు. నేను మూడు రకాలుగా పలికాను. మూడిటికీ అవతల నిశ్శబ్దం. ఆఖరికి ఆయన "గ్రిడ్ రెఫరెన్స్ ఉందా?" అన్నాడు. అంటే మ్యాప్ మీద చోటు చెప్పే గుర్తు. ఉంది! మ్యాప్ యాప్‌లో కనిపిస్తూనే ఉంది. ముందు రెండు అక్షరాలు, తర్వాత ఎనిమిది అంకెలు. ఆంగస్‌లో ఈ భాగమంతా ఎన్, ఓ అనే మ్యాపు చదరంలోకి వస్తుంది. రెండూ కలిపి చదివాను.

"నో."

"లేదా? పర్లేదు మేడమ్. ఇంకేదైనా గుర్తు చెప్పగలరా?"

"ఉందండీ. నో."

"ఉందా, లేదా?"

గాలి హోరు. నాకు టెన్షన్. విడివిడిగా చెప్పాలని తెలుసు, ఎన్ ఫర్ నవంబర్ అనాలని కూడా తెలుసు, ఆఫీసులో రోజూ చెప్పేదే. కానీ ఆ క్షణంలో నోటికి వచ్చింది మాత్రం "ఎన్ ఫర్ నెల్లూరు, ఓ ఫర్ ఒంగోలు".

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు.

ఎలాగో అక్షరాలు దాటాం. అంకెలు చెప్పాను. ఆయన టైప్ చేసుకున్నాడు. మళ్లీ నిశ్శబ్దం. తర్వాత ఎంతో మర్యాదగా అడిగాడు, "మేడమ్, మీరు ఇప్పుడు పడవలో ఉన్నారా?"

గ్రిడ్ రెఫరెన్స్‌లో ముందు తూర్పు వైపు అంకెలు, తర్వాత ఉత్తరం వైపువి చెప్పాలి. నేను తిరగేసి చెప్పాను. అలా తిరగేస్తే నా కుందేలు, గద్ద, నేను వెళ్లి ఉత్తర సముద్రంలో పడ్డాం. ఎడిన్‌బరాలో ఎమ్మెస్సీ చదివినదాన్ని. ఆ కొండ మీద నన్ను ఎవరూ చూడకపోయినా చెవులు కాలిపోయాయి. నలభై నిమిషాలు పట్టింది చచ్చిన గద్దకి అడ్రసు చెప్పడానికి. ఫోన్‌లో ఆయన తప్పేం లేదు, విసుక్కోలేదు కూడా. నా ఉచ్చారణని, గేలిక్‌ని, మ్యాపులు కనిపెట్టినవాణ్ని మాత్రం తిట్టుకున్నాను. మీరు కొండెక్కేముందు ఇంట్లో కూర్చుని నాలుగు గ్రిడ్ రెఫరెన్సులు గట్టిగా చదివి ప్రాక్టీసు చేయండి. నవ్వులాట కాదు.

దిగి వస్తుంటే ఒక పికప్ ఆగింది. ట్వీడ్ టోపీ, బూట్లు, వెనక కుక్కలు. "దారి తప్పారా?" అన్నాడాయన. లేదన్నాను. "ఇది గూళ్లు పెట్టే కాలం, పిట్టల్ని బెదరగొట్టకండి" అన్నాడు. తప్పకుండా అన్నాను. నేను చూసినదాని గురించి ఒక్క మాట అనలేదు. అతను చెడ్డవాడని నేననడం లేదు. కానీ ఆ పికప్ కనుమరుగయ్యేదాకా నా గుండె చప్పుడు నాకే వినపడింది. మీకు నా సలహా, కనిపించింది అక్కడ ఎవరికీ చెప్పకండి, గుర్తు కోసం జెండాలూ రాళ్లూ పెట్టకండి. కావాల్సినవాళ్ల కంటే అక్కర్లేనివాళ్లే ముందు చూస్తారు.

కారు దగ్గరికొచ్చి మా ఆయన్ని లేపి, ఇంకో తెలివితక్కువ పని చేశాను. డండీ తెలుగు వాట్సాప్ గ్రూపులో "కొండ మీద గోల్డెన్ ఈగిల్‌ని విషం పెట్టి చంపేశారు" అని ఫొటోతో సహా పెట్టేశాను. ఏడుపు బొమ్మలే ఏడుపు బొమ్మలు.

పోలీసులు ఇద్దరు వచ్చారు, అందులో ఒకాయన వన్యప్రాణి నేరాలు చూసే ఆఫీసరు. పైకి వెళ్లి, తొడుగులు వేసుకుని, అంతా సంచుల్లో పెట్టి, గంటన్నరకి దిగారు. "ఈగిల్ కాదండీ, బజార్డ్" అన్నాడు ఆఫీసరు. చిన్న జాతి గద్ద, ఇక్కడ కరెంటు స్తంభాల మీద రోజూ కనిపించేదే. "దీన్ని మేం టూరిస్ట్ ఈగిల్ అంటాం" అని నవ్వాపుకున్నాడు. పదేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నాను నేను. గ్రూపులో సవరణ పెట్టలేదు, ఇదిగో ఇప్పుడు పెడుతున్నాను.

తర్వాత వాంగ్మూలం.

"అది కార్బోఫ్యూరాన్ అని ఎందుకనుకున్నారు?"

"మా నాన్న వాడేవారు."

ఆయన పెన్ను ఆగింది. "ఎక్కడ?"

"మా పొలంలో."

"మీ పొలం ఎక్కడుంది?"

"భీమవరం దగ్గర." స్పెల్లింగ్ చెప్పాను. ఈసారి బి ఫర్ బ్రావో అనే చెప్పాను.

"ఆ పదార్థం ప్రస్తుతం మీ ఇంట్లో గానీ, మీ వాహనంలో గానీ ఉందా?"

చూశారా, ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లిన మనిషిని. ఆయన అడగాల్సిందే అడిగాడట, తర్వాత వివరించాడు. ఇక్కడ 2005 నుంచి కొన్ని విషాలు దగ్గర ఉంచుకోవడమే నేరం. ఆ జాబితాలో ఎనిమిది ఉన్నాయి, ఇదీ ఒకటి. వాడనక్కర్లేదు, షెడ్డులో పాత డబ్బా దొరికినా చాలు. ఆ క్షణంలో ఇదంతా నాకేం తెలుసు. "లేదండీ, మొన్న అమ్మ పంపిన పార్సెల్‌లో ఆవకాయ, ఒక పొడి మాత్రమే ఉన్నాయి" అన్నాను. "ఏం పొడి?" అన్నాడు. మా ఆయన పక్కనుంచి "కందిపొడి" అన్నారు. ఆ రోజంతటిలో ఆయన చేసిన సాయం అదొక్కటే.

ఎందుకంటే తర్వాతి ప్రశ్న ఇది. "ఆ పికప్‌ని మీతో పాటు ఇంకెవరైనా చూశారా?" లేదు. చూడాల్సినవారు గుర్రు పెడుతున్నారు. స్కాట్లాండ్‌లో ముద్దాయికి శిక్ష పడాలంటే మామూలుగా ఒక్క సాక్ష్యం చాలదు, ముఖ్యమైన ప్రతి విషయానికీ రెండో ఆధారం తోడవ్వాలి. వేల ఎకరాల కొండ మీద, తెల్లవారుజామున ఎవడో కుందేలు పెట్టి పోతే రెండో సాక్షి ఎక్కడ దొరుకుతాడు? హెదర్ పొదా?

తిరుగు దారిలో టీ తాగడానికి ఆగిన చోట కొట్టు ఆవిడకి అప్పటికే సగం తెలుసు. పోలీసు బండి అటు వెళ్లిందంటే ఊరంతా తెలుస్తుంది కదా. వాళ్ల అన్నయ్య గేమ్‌కీపర్ అట, అంటే వేట భూమిని, పిట్టల్ని చూసుకునే ఉద్యోగి. "ఒక్కడు చేసిన పనికి అందరి మీదా మచ్చ. నక్కల్ని ఆపేవాళ్లు లేకపోతే నేల మీద గుడ్లు పెట్టే కర్ల్యూ పిట్టలు మిగలవు. మీ ఊళ్లవాళ్లు ఆదివారం వచ్చి తీర్పు చెప్పి పోతారు" అంది. మీ ఊళ్లవాళ్లంటే డండీనా, ఇండియానా అని అడగలేదు. కర్ల్యూల మాట నిజమే, నక్కల బెడద తగ్గిన చోట వాటి పిల్లలు బతుకుతాయి. కానీ ఒక్కడు, ఒక్కడు అంటే నేను ఒప్పుకోను. 2017లో ప్రభుత్వం వేయించిన నివేదికే చెప్పింది, 2004 నుంచి 2016 దాకా ఉపగ్రహ ట్యాగులు కట్టిన 131 గోల్డెన్ ఈగిళ్లలో 41 అనుమానాస్పదంగా మాయమయ్యాయని, కొన్ని గ్రౌజ్ భూముల చుట్టూ ఈ మాయమవడం ఎక్కువని. ఒక్కడికి అంత తీరిక ఉంటుందా?

ఆ తర్వాత నేను చేయాల్సింది ఏం లేదు. ఎదురుచూడటమే. ఇలాంటి కళేబరాలకి విష పరీక్షలు ఎడిన్‌బరాలోని సాసా అనే ప్రభుత్వ ల్యాబులో చేస్తారు. కేసు నంబరు మాత్రం అడిగి తీసుకోండి. నేను తీసుకోలేదు, రెండోసారి ఫోన్ చేసినప్పుడు మళ్లీ నెల్లూరు నుంచి మొదలెట్టాల్సి వచ్చింది.

నిన్న ఫోన్‌లో నేను అడిగింది ఒకటే, ఎవర్నైనా పట్టుకున్నారా? లేదు. పట్టుకుంటారా? చెప్పలేం. చట్టాలు లేక కాదు. 2012 నుంచి కింది ఉద్యోగి గద్దని చంపితే యజమాని మీదా కేసు పెట్టొచ్చు. 2020లో శిక్ష ఐదేళ్ల జైలు దాకా పెంచారు. 2024 చట్టంతో గ్రౌజ్ వేటకి లైసెన్సు తప్పనిసరి చేశారు. ఆ భూమి చూసుకునేవాళ్లే నేరం చేశారని, లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ నేచర్‌స్కాట్‌కి నమ్మకం కుదిరితే, కోర్టు శిక్ష లేకపోయినా లైసెన్సు ఆపొచ్చు, రద్దు చేయొచ్చు. నాకైతే దీని మీదే కాస్త ఆశ. కానీ ఆ నమ్మకం కుదరాలన్నా, ఎవరు పెట్టారన్న దగ్గరికే మళ్లీ రావాలి.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. గద్ద సంగతి కంటే గుళికలు ఇంత దూరం ఎలా వచ్చాయన్నదే ఆయనకి ఆశ్చర్యం. "అక్కడ వరి కూడా వేయరు కదమ్మా, దేనికి కొన్నారు?" అన్నారు. 2001 నుంచి అమ్మకమే లేదు నాన్నా అంటే, "మరి పాతది దాచుకున్నారన్నమాట" అని ఊరుకున్నారు. కాసేపటికి అమ్మని పిలిచి, అటక మీద డబ్బా ఇంకా ఉందేమో చూడమనడం వినిపించింది.

ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, అదే లోయకి. పులిహోర మాత్రం దిగి వచ్చాకే.