చెయ్యి లేటా, ప్లగిన్ లేటా?

బెర్లిన్‌లో నేను పనిచేసే స్టూడియోలో, ఇండియా నుంచి వచ్చిన రిథమ్ ట్రాక్ కాస్త అటూ ఇటూ వినిపిస్తే ముందు అనుమానించేది వాయించినవాడి చేతినే. "క్వాంటైజ్ చేసెయ్" అంటారు, అంటే దెబ్బలన్నిటినీ సమాన దూరంలో ఉన్న టైమ్ గీతలకి (గ్రిడ్‌కి) అతికించెయ్యమని, అంతే. నేనక్కడ అసిస్టెంట్ ఇంజనీర్ని, పైగా ఆ దేశం నుంచి వచ్చినవాడినే. నా మాట కన్నా స్క్రీన్ మీద కనిపించేదానికే విలువ.

విశాఖ గాజువాకలో ఒక తమ్ముడున్నాడు. తన గదిలో ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ మీద తప్పెటగుళ్ల దరువు వాయించి మాకు మిడి పంపుతాడు. ఛాతీకి రేకు తప్పెట కట్టుకుని గెంతుతూ వాయిస్తారే, ఆ ఊపు. మిడిలో శబ్దం ఉండదు, ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత బలంగా అన్న సమాచారమే ఉంటుంది కాబట్టి ఫైలు కొన్ని కిలోబైట్లే. ఇద్దరం నెట్‌లో కలిసి వాయించడం మాత్రం కుదరదు. విశాఖకీ బెర్లిన్‌కీ మధ్య 7 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో వెలుగుకే ఒకవైపు 35 మిల్లీసెకన్లు పడుతుంది, నిజం కేబుళ్లు ఇంకా చుట్టూ తిరుగుతాయి.

ఆ దరువుకి అదనపు దెబ్బలు చేర్చే ప్లగిన్ (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి పెట్టి, దాని మిడిని వేరే ట్రాక్‌లో ఉన్న, మిడిని శబ్దంగా మార్చే శాంప్లర్‌కి పంపారు మావాళ్లు. దరువు చెదిరింది. "ఏటన్నా, నా చెయ్యే లేటంటన్నారా?" అని తమ్ముడు ఫోన్‌లో నిలదీశాడు. తప్పు మిడి కేబుల్‌దని కూడా అన్నారెవరో. 1983 నాటి మిడి కేబుల్ వేగమే సెకనుకి 31,250 బిట్లు, అంటే ఒక్కో దెబ్బకి సుమారు 1 మిల్లీసెకను. దానికింత గందరగోళం రాదు.

వేసవి సెలవుకి నేను వచ్చినప్పుడు అతని గదిలోనే కూర్చుని తేల్చేశాం. ప్లగిన్ గుండా పోయిన మిడిని వేరే ట్రాక్‌లో రికార్డు చేసి, అసలు దాని పక్కన పెట్టాం. బఫర్, అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కసారికి లెక్కించే ధ్వని ముక్క, 64 శాంపిళ్లున్నప్పుడు రెండూ దాదాపు కలిశాయి. 1024కి పెంచితే చెల్లాచెదురు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ల (ధ్వని కొలతల) లెక్కన, 1024 శాంపిళ్లంటే 21 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్ ధ్వనిని ముక్కలు ముక్కలుగా లెక్కిస్తుంది. ముక్కలో ఏ శాంపిల్ దగ్గర దెబ్బ పడాలో ప్లగిన్‌కి అందే ప్రతి మిడి సందేశంతోనూ వస్తుంది. ఈ ప్లగిన్ దాన్ని పట్టించుకోకుండా అన్ని దెబ్బల్నీ ముక్క మొదట్లోనే పడేస్తోంది. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండుకి ఎవరెప్పుడొచ్చినా అందరికీ బస్సు బయల్దేరిన టైమే రాసినట్టు.

ట్రాక్ నుంచి ట్రాక్‌కి పంపడంలో కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒక ముక్క మొత్తం ఆలస్యమవుతుంది కానీ, ఆ ఆలస్యం స్థిరం. ట్రాక్ డిలేతో ట్రాక్ మొత్తాన్ని అంతే ముందుగా వినిపించేలా జరిపేయొచ్చు. చెదరడాన్ని అలా సరిచేయలేం. ప్లగిన్ మార్చాలి, లేదా చిన్న బఫర్ పెట్టి దాని మిడిని ముందే రికార్డు చేసుకోవాలి.

మనిషి ఆలస్యానికి ఒక తీరుంటుంది. తమ్ముడి ఫైలు చూస్తే, దరువు తిరిగి మొదటికి వచ్చే ముందు దెబ్బని ప్రతిసారీ కొద్దిగా లాగుతాడు, అదీ ఒకే చోట. గ్రిడ్‌కి అతికిస్తే పోయేది ఆ ఊపే. స్క్రీన్‌షాట్లు చూశాక మా సూపర్‌వైజర్ మాట్లాడలేదు, ప్లగిన్ మార్పించాడు.

ఇప్పుడు మిడితో పాటు ప్యాడ్ నుంచి వచ్చే ఆడియో కూడా పంపమంటున్నారు, పోల్చి చూసుకోడానికి. దానికి వేరే డబ్బులడగమని తమ్ముడికి నేనే చెప్పాను. అడిగాడు, ఇచ్చారు.